స్క్రూడ్రైవర్ వద్దన్న మనిషి

నా సర్వీసు మొత్తంలో నేను తుపాకీ పేల్చింది తక్కువ. తుడిచింది లెక్కలేనన్నిసార్లు. సైన్యంలో నాది ఆర్మరర్ ఉద్యోగం, అంటే తుపాకులు బాగుచేసే పని. యుద్ధం కథలు చెబుతానేమోనని మనవలు వచ్చి కూర్చుంటారు. నేను నూనె గురించి మొదలుపెట్టగానే ఒక్కొక్కరే లేచిపోతారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీరైనా కాసేపు కూర్చోండి. ఇందులో తుపాకీ పేలదు. ఒక స్ప్రింగు విరుగుతుంది, అంతే. అది విరిగినప్పుడు నోరు మూసుకుని కూర్చున్న పెద్దమనిషి ఎవరో కూడా చెబుతాను.

తొంభైల చివర్లో సైన్యం నుంచి బయటికొచ్చి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇల్లు తీసుకుని, ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో చేరాను. ఆ ఏజెన్సీ హైటెక్ సిటీలో కొత్తగా లేచిన ఒక అద్దాల మేడకు కాపలావాళ్లను పెట్టింది. చుట్టూ ఇంకా బండలు పేలుస్తున్న రోజులవి. మధ్యాహ్నం బండ పేలినప్పుడల్లా తుపాకులు పట్టుకున్న మావాళ్లు ఉలిక్కిపడేవారు. లోపల కంప్యూటర్ల ముందున్న పిల్లలు మాత్రం తల కూడా తిప్పేవారు కాదు. ఎవరు ఎవరికి కాపలానో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మా గన్‌మన్లు తొమ్మిది మంది, అందరూ మాజీ సైనికులే. లైసెన్సు ఎవరిది వాళ్లదే, తుపాకీ ఎవరిది వాళ్లదే. డ్యూటీ దిగగానే దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లిపోతారు. కాబట్టి శుభ్రం చేసుకోవడం కూడా ఇంట్లోనే. వారానికో ఇల్లు చొప్పున వెళ్లి, ఆ తుపాకులు ఎలా ఉన్నాయో చూడటం నా పని.

వెళ్లి చూస్తే నా కళ్లు తిరిగాయి. ఒకాయన తుపాకీకి కొబ్బరినూనె రాశాడు. చలికాలం తెల్లవారేసరికి నూనె పేరుకుపోయి ట్రిగ్గరు బిగుసుకుంది. "పొయ్యి దగ్గర పెడితే కరిగిపోతదండి" అని ఆయన నాకు ధైర్యం చెప్పాడు. ఇంకొకాయన వంటింట్లోంచి నెయ్యి తెచ్చి గొట్టాల నిండా పట్టించాడు. చీమలు బారులు తీరి, లోపలికి ఒక గొట్టంలోంచి వెళ్లి రెండో గొట్టంలోంచి బయటికి వస్తున్నాయి. మూడో ఆయన బట్టల సబ్బుతో ఉతికి, డాబా మీద తీగకు, ఇల్లాలి చీరల మధ్య ఆరేశాడు. ఆ సాయంత్రమే ఇంటి ఓనరు వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. దేశ సరిహద్దులు కాపాడిన వీరులే వీళ్లంతా. బ్యారక్‌లో హవల్దారు అరిస్తే అన్నీ సక్రమంగా చేసినవాళ్లే. ఇంట్లో అరిచే హవల్దారు లేడు.

ఒక్క పెద్దాయన మాత్రం వేరు. మెదక్ వైపు నుంచి వచ్చినవాడు, ఉండేది శేరిలింగంపల్లిలో రెండు గదుల ఇంట్లో. ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే పైన బైబిలు, దాని కింద నూనెగుడ్డలో చుట్టిన తుపాకీ. అది తండ్రి నుంచి వచ్చిన రెండు గొట్టాల తుపాకీ, నాకంటే వయసులో పెద్దది. దానికి ఆయన వాడే సామాను మూడే మూడు: నున్నగా చెక్కుకున్న కర్ర, మెత్తటి గుడ్డపీలికలు, కుట్టుమిషను నూనె సీసా. గొట్టంలోకి చూస్తే ఆ చివర వెలుతురు అద్దంలో ఆడినట్టు ఆడింది. నేను తప్పు పట్టడానికి చాలాసేపు ప్రయత్నించి ఓడిపోయాను.

"బిడ్డ నర్సింగు చదువుతున్నది సార్" అన్నాడాయన, తుపాకీని మళ్లీ చుడుతూ. "ఇంకో ఏడాదిన్నర. అందాక ఇది నాతోని నడవాలె. గన్ను లేకుంటే నన్నెవడు అడుగుతడు చెప్పున్రి? గేటు కాడ కర్ర పట్టుకొని నిలబడుడే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా ఏజెన్సీలో మనిషికి కాదు హోదా, తుపాకీకి. అది పనిచేసినన్నాళ్లు గన్‌మన్. పనిచేయకపోతే మర్నాటి నుంచి లాఠీ గార్డు.

సరిగ్గా అప్పుడే మేడలోని కంపెనీకి క్వాలిటీ సర్టిఫికెట్ పిచ్చి పట్టింది. ఆ రోజుల్లో ఆ దారిలో ఉన్న ప్రతి కంపెనీకీ ఆ జ్వరం తగిలింది. తాగునీళ్ల కుండకు కూడా ఒక విధానం, ఒక కాగితం, ఒక సంతకం. దీని కోసం మెడలో టై కట్టుకున్న ఒక క్వాలిటీ కుర్రాడిని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. అతను ఒకరోజు నా దగ్గరికొచ్చి, "సర్, గన్స్ ఇంటి దగ్గర మెయింటెయిన్ చేయడానికి ఏయే టూల్స్ ఉండాలో లిస్టు ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "డాక్యుమెంట్ లేకపోతే ఆడిటర్ దృష్టిలో ఆ పని జరగనట్టే సర్" అన్నాడు. నెయ్యి పట్టించిన తుపాకీ నాకు గుర్తొచ్చింది. జరగకపోతేనే నయం అనుకున్నాను.

కమిటీ వేశారు. తుపాకీని ఎన్నడూ ముట్టుకోని ముగ్గురు, నేను, వాడేవాళ్ల తరఫున పెద్దాయన. తెర మీద స్లైడు వేసి, ఇంట్లో గన్‌మన్‌కు కావలసిన ప్రాథమిక పనిముట్ల మీద గంటన్నర చర్చించారు. పరిపాలన చూసే ఆవిడ తెల్లటి చేతిగ్లౌజులు ఉండాలన్నారు. కొనుగోళ్ల ఆయన కీబోర్డులో దుమ్ము ఊదే బుల్లి యంత్రం పెడదామన్నాడు, ఎందుకంటే అది స్టోర్సులో మిగిలిపోయింది. క్వాలిటీ కుర్రాడు భూతద్దం చేర్చాడు. అవన్నీ పెట్టడానికి కంపెనీ రంగులో ఒక పెట్టె, అందులో ఒక్కో వస్తువు ఆకారంలో కోసిన స్పాంజి. పెళ్లికూతురి నగల పెట్టెకు కూడా అంత ముచ్చట జరగదు.

వాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకున్నాను. నా వంతు రాగానే నేను చేసిందేమిటో కూడా వినండి. కర్ర, బ్రష్షు, గుడ్డ, నూనె చెప్పి అక్కడితో ఆగొచ్చు. ఆగితే ఇన్నేళ్ల ఆర్మరర్‌నని వీళ్లకు ఎలా తెలుస్తుంది? "స్క్రూడ్రైవర్" అన్నాను. బజారు స్క్రూడ్రైవర్ కాదనీ, తుపాకీ స్క్రూ గాడికి సరిగ్గా అతికేలా మొన అరగదీసినది కావాలనీ, బాలానగర్‌లో నాకు తెలిసిన టర్నర్ చేత దగ్గరుండి చేయిస్తాననీ ఉపన్యాసం దంచాను. మొన అతకకపోతే స్క్రూ తల ఎలా చెడుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించాను. బొమ్మ బాగా వచ్చింది. అందరూ రాసుకున్నారు.

అప్పటిదాకా నోరు విప్పని పెద్దాయన లేచి నిలబడ్డాడు. "స్క్రూడ్రైవర్ వద్దు సార్" అన్నాడు.

"ఎందుకని?" అన్నాను.

"చేతిల ఉంటే తిప్పబుద్ధి అయితది. ఇంట్ల గన్నును తుడవాలె గని విప్పొద్దు. విప్పుడు మీ అసుంటోళ్ల పని."

గదిలో అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. "పెద్దాయనా, కాలం మారింది. మీరు ఇంకా కర్ర, గుడ్డ దగ్గరే ఉన్నారు" అన్నాను. ఆయన "సరే సార్" అని కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ జాబితాకెక్కింది.

పెట్టెలు పంచిన పదిహేను రోజుల్లోనే ఆయన చెప్పింది జరగడం మొదలైంది. ఆదివారం ఖాళీగా ఉండి, టీవీలో ఏమీ బాగాలేక, చేతిలో అంత చక్కటి స్క్రూడ్రైవర్ ఉంటే మగవాడు ఏం చేస్తాడు? విప్పుతాడు. ఒకాయన తుపాకీని ముక్కలుగా ఇడ్లీ పళ్లేల్లో పెట్టుకుని నా ఇంటికి మోసుకొచ్చాడు. కొబ్బరినూనె ఆయనైతే తానే బిగించుకుని, చేతిలో ఒక స్క్రూ పట్టుకుని వచ్చాడు. "ఒకటి మిగిలిందండి. తయారుచేసినోళ్లు ఎక్కువ పెట్టినట్టున్నారు" అన్నాడు. అన్నీ గుట్టుచప్పుడు కాకుండా నేనే బాగుచేసి పంపేశాను. కమిటీకి చెప్పలేదు. చెబితే నా బొమ్మ ఏమవ్వాలి?

ఆ సర్టిఫికెట్ కోసం తనిఖీ చేసే ఆడిట్ రోజు రానే వచ్చింది. ఆడిటర్ మర్యాదస్తుడు, మెల్లగా మాట్లాడతాడు, ప్రతిదానికీ టిక్కు పెడతాడు. మా పెట్టె చూసి ముచ్చటపడ్డాడు. "ఈ టూల్ ఎలా వాడతారో ఒకసారి చూపించగలరా?" అంటూ స్క్రూడ్రైవర్ వైపు వేలు చూపించాడు. క్వాలిటీ కుర్రాడు నా వైపు తిరిగాడు. నేను అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాను.

తుపాకీ కావాలి. మిగతావి ఎప్పుడు ఏది ఊడుతుందో నాకు తెలుసు. ఆ పూట డ్యూటీలో ఉన్నవాటిలో నమ్మదగింది ఒక్కటే, పెద్దాయనది. పిలిపించాను. తూటాలు లేవని ఇద్దరం చూసుకున్నాం. నేను స్క్రూడ్రైవర్ తీసేసరికి ఆయన ముఖం మారింది.

"సార్, మంచిగనే ఉన్నది గద. ఎందుకు విప్పుడు?" అని నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"రెండు నిమిషాలు. మళ్లీ బిగించి ఇస్తాగా" అన్నాను.

పక్క పలక ఊడదీశాను. లోపల వంచిన చిమ్టాలా ఉండే స్ప్రింగు ఉంటుంది, తుపాకీకి ప్రాణం అదే. దాన్ని తీయాలంటే ముందు చిన్న క్లాంపుతో అదిమి పట్టాలి. ఆ క్లాంపు ఇళ్లలో వాళ్లకు అక్కర్లేదని నేనే జాబితాలోంచి కొట్టేశాను. అక్కడితో ఆగి బిగించేయొచ్చు. కానీ ఆడిటర్ ముందుకు వంగి చూస్తున్నాడు, పరిపాలన ఆవిడ చూస్తున్నారు, అందరూ చూస్తున్నారు. పటకారు తీసుకుని అదిమాను.

టప్‌మని శబ్దం వచ్చింది. స్ప్రింగు రెండు ముక్కలైంది. ఒక ముక్క ఎగిరి బిస్కెట్ల పళ్లెంలో పడింది. ఆడిటర్ దాన్ని రెండు వేళ్లతో జాగ్రత్తగా ఏరి, "మీ పార్టండీ" అని నాకు అందించాడు. అది ఊడాల్సిందే ఊడిందని ఆయన అనుకున్నాడు. "వెరీ క్విక్" అని మెచ్చుకుని టిక్కు పెట్టాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆ గదిలో అది విరిగిందని తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను తల ఎత్తకుండా రెండు ముక్కలూ లోపల పెట్టి, పలక బిగించి, తుపాకీ ఆయన చేతికిచ్చాను. ఆయన తూటాను కొట్టి పేల్చే సుత్తిని బొటనవేలితో ఒకసారి కదిపి చూశాడు. అది ఊడిన తలుపు గొళ్లెంలా వేలాడింది. నా వైపు చూశాడు. నేను ప్లేటులో బిస్కెట్లు చూస్తున్నాను. "థాంక్యూ సార్" అని సెల్యూట్ చేసి వెళ్లిపోయాడు. అంత సిగ్గుపడాల్సిన సెల్యూట్ నా సర్వీసులో మరొకటి అందుకోలేదు.

మర్నాడు డ్యూటీ మారేటప్పటి తనిఖీలో సంగతి బయటపడింది. ఏజెన్సీ ఆఫీసరు, క్వాలిటీ కుర్రాడు, నేను ఒక బల్ల దగ్గర కూర్చుని విచారణ జరిపాం. అవును, నేను కూడా విచారణాధికారినే. "ఎట్ల విరిగింది?" అని ఆఫీసరు అడిగాడు. పెద్దాయన నా ముఖం వైపు చూశాడు. నేను చెబుతానేమోనని కాసేపు ఆగాడు. నేను కాగితాలు సర్దుకుంటున్నాను. "ఇంట్ల తుడుస్తుంటె విరిగింది సార్" అన్నాడు.

కుర్రాడు చకచకా రాశాడు. కారణం: వినియోగదారుడి నిర్లక్ష్యం, అవగాహన లోపం. దిద్దుబాటు చర్య: శిక్షణ. శిక్షణ ఇచ్చేవారు అన్న చోట నా పేరు. వచ్చే ఆడిట్‌లో ఈ అంశం ముగిసే దాకా పెద్దాయనకు తుపాకీ డ్యూటీ లేదు. కింద సంతకం చేయమన్నారు. చేశాను. నా సంతకం ఎప్పుడూ కొంచెం వంకరగా ఉంటుంది, ఆ రోజు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

బయటికొచ్చాక, "ఎందుకలా చెప్పారు పెద్దాయనా?" అని అడిగాను. అడగడానికి నోరెలా వచ్చిందో తెలియదు.

"మీ నౌకరి పోతే నా గన్ను బాగైతదా సార్?" అన్నాడు. "బాగు చేపియ్యున్రి. గంతే."

బాగు చేయించడానికి ఇద్దరం పాతబస్తీలో లైసెన్సున్న తుపాకుల దుకాణానికి వెళ్లాం. అక్కడి ఉస్తాద్ పలక విప్పి చూసి తల పట్టుకున్నాడు. "అరె సాబ్, ఎవడు విప్పిండు దీన్ని? చేతులతోని విప్పిండా, కాళ్లతోనా? పటకారు గాట్లు చూడున్రి, కొరికినట్టున్నయి!"

"ఎవడో తెలియనివాడు" అన్నాను.

పెద్దాయన పక్కనే ఉన్నాడు. దుకాణం పైకప్పు చూస్తూ నిలబడ్డాడు.

"గిసుంటి స్ప్రింగు బజార్ల దొరకదు. చేత్తోని కొట్టి, ఆకురాయితోని రుద్ది, కాల్చి నీళ్లు పొయ్యాలె. మూడు నెలలు పడ్తది" అన్నాడు ఉస్తాద్. వచ్చేటప్పుడు నన్ను వెనక్కి పిలిచాడు. "ఇంట్ల కర్ర, గుడ్డ, నూనె, మూడే ఉండాలె సాబ్. నాలుగోది ఉన్నదంటే నా దుకాణం నడుస్తది." అదే మాట మా కమిటీలో చెప్పిన మనిషి అప్పటికే బస్టాపు వైపు నడుస్తున్నాడు.

ఆ మూడు నెలలూ, ఆ పైన ఇంకో నెలా ఆయన గేటు దగ్గర లాఠీ పట్టుకుని వచ్చేపోయే కార్ల నంబర్లు రాశాడు. కూతురి వయసు పిల్లలు అద్దం దించి హారన్ కొడితే పరుగెత్తి గొలుసు తీశాడు. నేను వచ్చినప్పుడు మాత్రం పాత సెల్యూటే చేసేవాడు. ఈ మధ్యలో శిక్షణ తరగతి కూడా పెట్టాను. ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. ఇంట్లో ఉండాల్సిన పనిముట్లేమిటని నేను అడిగితే, ఆయన లేచి గ్లౌజులు, భూతద్దం, దుమ్ము ఊదే యంత్రంతో సహా పెట్టెలోవన్నీ వరసగా అప్పజెప్పి, స్క్రూడ్రైవర్ దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ చెప్పి కూర్చున్నాడు. నూటికి నూరు మార్కులు వేశాను. ఇంకేం చేయగలను?

కొత్త స్ప్రింగుతో తుపాకీ వచ్చింది. మొదటికంటే గట్టిగా ఉంది. నాలుగో నెలాఖరుకు ఆడిటర్ కూడా వచ్చాడు. కూతురి చదువుకు ఇంకా ఏడాది పైనే ఉంది. ఫైలు తెరిచేసరికి కమిటీ ఆవిడ, "రిస్కు ఎందుకండీ? నిర్లక్ష్యం అని రికార్డయింది కదా. ఈయన్ని పర్మనెంటుగా గేటుకే పెట్టేద్దాం" అన్నారు. అందరూ తలలూపారు. ఆడిటర్ పెన్ను తీశాడు. గోడ పక్కన నిలబడ్డ పెద్దాయన లాఠీని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అది ఆయన విరగ్గొట్టలేదండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను విరగ్గొట్టాను. ఇదే బల్ల మీద. మీ ముందే. మీరు బిస్కెట్ల పళ్లెంలోంచి తీసిచ్చిన ముక్క అదే."

ఆడిటర్ పెన్ను ఆగింది. క్వాలిటీ కుర్రాడి ముఖం చూడాలి మీరు. చచ్చిన మనిషి లేచి కూర్చున్నా వాడు అంత కంగారుపడడు, ఎందుకంటే దానికి ఫారం ఉంటుంది. దీనికి లేదు. స్క్రూడ్రైవర్ వద్దని ఆయన చెప్పిందీ, నేను నవ్విందీ, తర్వాత విప్పుకుని తెచ్చుకున్న తుపాకులూ అన్నీ చెప్పేశాను. ఆడిటర్ పాత కాగితం కొట్టేసి, కొత్తది తీసి, కారణం అన్న చోట "పర్యవేక్షకుడి అహంకారం" అని రాయబోయి, కొంచెం ఆలోచించి "పర్యవేక్షణ లోపం" అని రాశాడు. మంచివాడు. కింద నేను సంతకం చేశాను. మామూలు వంకర సంతకమే వచ్చింది.

నన్ను ఆ మేడ నుంచి తీసేసి బాలానగర్‌లో ఒక గోడౌను కాపలా చూసుకోమన్నారు. వెళ్లేముందు తొమ్మిది స్క్రూడ్రైవర్లూ వెనక్కి తీసుకున్నాను. వాటిని జాబితాలోంచి తీయాలంటే కమిటీ మళ్లీ కూర్చోవాలట, అందుకని జాబితాలో అలాగే ఉంచారు. పెట్టెలో స్పాంజికి ఆ ఆకారంలో గుంట ఖాళీగా మిగిలింది. ఆ తొమ్మిదీ ఇప్పటికీ నా అలమరాలో ఉన్నాయి. చక్కటి స్క్రూడ్రైవర్లు. ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ వాడలేదు.

నా ఆఖరి రోజున పెద్దాయన తుపాకీ భుజాన వేసుకుని మెయిన్ డోర్ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి సెల్యూట్ చేశాడు. వెళ్లొస్తానని చెప్పడానికి దగ్గరికెళ్లాను. ఏం చెప్పాలో తెలియక, "అంతా మంచే జరిగింది కదా పెద్దాయనా" అన్నాను.

"జరిగింది సార్. మంచిగ చెప్పిన్రు" అన్నాడు. తర్వాత అద్దాల తలుపులోంచి గేటు వైపు చూశాడు. అక్కడ ఎండలో ఇంకెవరో కార్ల నంబర్లు రాసుకుంటున్నారు. "గదే మాట ఆ దినమే చెప్తే నాకు గా గేటు నాలుగు నెలలు తప్పుతుండె."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.